నిమ్మకాయ పాఠం

ఎవరైనా నా పాఠాన్ని మెచ్చుకున్నప్పుడల్లా ఛాతీ ఉబ్బుతుంది. ఆ వెంటనే ఒక చావు గుర్తొస్తుంది. ఇన్నేళ్లూ ఆ రెండింటినీ కలిపే మోశాను. ఇక మీకు చెప్పేస్తాను.

ఇనుప ఖనిజం గిరాకీ మా బళ్లారిని పట్టి ఊపేసిన రోజులవి. యశ్వంతనగర్ దగ్గర ఒక గనిలో టిప్పర్ డ్రైవర్లకు భద్రత నేర్పడం నా ఉద్యోగం. అంతకుముందు వచ్చినవాళ్లు ఇంగ్లీషు కాగితాలు పంచి, ఉపన్యాసాలు దంచి పోయారు. డ్రైవర్లు హాయిగా కునుకు తీశారు. నేనలా చెయ్యలేదు. అమావాస్యనాడు వాళ్లు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు కదా, దాన్నే పట్టుకున్నాను. రోజూ పెట్టించాను. పెట్టడానికి వంగినప్పుడే టైరు చూడు, నట్టు తడుము, కింద ఆయిల్ కారుతోందేమో చూడు అని చెప్పాను. అక్షరం రానివాడికి కూడా ఇట్టే వచ్చేసింది. ప్రమాదాలు తగ్గాయి. గొప్పలు పోతున్నానా? పోతాను. అది మంచి పాఠం, నాది.

కానీ పాఠానికి కథ కావాలి. తెలిసిన మనిషి కథైతేనే బుర్రకెక్కుతుంది. నేను పాఠం మొదలుపెట్టడానికి కొన్నాళ్ల ముందు మా గనిలోనే ఓబులేసు అనే డ్రైవర్ ఘాట్ మలుపులో బండితో సహా లోయలో పడి చనిపోయాడు. ‘చూసుకోకుండా బండెక్కిన ఓబులేసు’ అని బొమ్మలు గీయించి గోడకు అంటించాను.

అతని భార్య తిప్పమ్మ బళ్లారి కౌల్ బజార్ నుంచి వెతుక్కుంటూ వచ్చింది. బొమ్మల ముందు చాలాసేపు నిలబడింది.

“ఏమప్పా సారూ, మా ఆయప్ప చక్రాలు చూడకుండా ఏనాడన్నా బండెక్కినాడా?”

“పాఠం కోసమమ్మా. నలుగురి మంచికి.”

“నలుగురి మంచికి మా ఆయప్ప పేరే దొరికిందా? చూడకుండా సచ్చినోని బిడ్డలని నా పిల్లోళ్లని అంటాండారు.”

ఆమె వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. ఓబులేసు చనిపోయిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. మరెందుకు దాచాను? యజమానికి భయపడా? అదీ కొంత. అసలు సంగతి వేరు. అన్నీ చూసుకున్నవాడూ చచ్చిపోయాడంటే నా పాఠాన్ని ఎవడు నమ్ముతాడు? నా పాఠం మీద నాకంత మోజు. ఇప్పటికీ ఉంది, సిగ్గు లేకుండా.

బొమ్మలు ఇంకా ఆ గోడ మీదే ఉన్నాయట. క్షమించమని అడగను. జరిగింది మాత్రం రాస్తాను, కాస్త ఊపిరాడుతుంది. ఓబులేసు బండి చుట్టూ తిరిగాడు. ప్రతి చక్రం దగ్గరా వంగాడు. బ్రేకు పట్టడం లేదని సూపర్‌వైజర్‌తో చెప్పాడు. ఈ ఒక్క ట్రిప్పు వేసి రమ్మన్నారు. పక్కనే నిలబడి నేను టీ తాగుతున్నాను.