తెనాలి మల్లేశ్వరి గారి ఆరా

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మా పక్కింటి నాగమల్లేశ్వరి గారిని ఎవరైనా ఉత్త ‘ఇండియన్’ అంటే ఆవిడకి ఒళ్లు మండుతుంది. తెలుగువాళ్లం, అందులో గుంటూరు, అందులోనూ తెనాలి అని విడమరిచి చెబుతారు. ఎదుటివాళ్ల ఊరూ కులమూ రాబట్టందే కాఫీ ఇవ్వరు.

పై ఫ్లోర్‌లో కొత్తగా దిగిన నల్లజాతి టీచరు డెనీస్‌నీ వదల్లేదు. ఆఫ్రికాలో మీదే ఊరని అడిగారు.

"తెలీదు," అంది డెనీస్. "వోలోఫ్, ఇగ్బో, కాంగో... ఎన్నో జాతులవాళ్లని ఓడల్లో కుక్కి తెచ్చి, అందరికీ కలిపి నీగ్రోలని ఒకటే పేరు పెట్టారు. అందులో మావాళ్లెవరో!"

"అయ్యో, ఎంత అన్యాయం!" అని మల్లేశ్వరి గారు కళ్లొత్తుకున్నారు. కాఫీ కూడా ఇచ్చారు.

సాయంత్రం నాతో అన్నారు: "పైన ఎవరో ఆఫ్రికన్ మూవ్ అయింది, చూశావా?"

"ఆవిడ పేరేంటండీ?"

"ఏమోనే, గుర్తులేదు. వాళ్లంతా ఒకటే కదా!"