ఎస్తేరమ్మ టీచరు కాలు

పొద్దున్నే మంచం దిగకముందే కాళ్లకు సాగే మేజోళ్లు ఎక్కించుకుంటాను. కొత్త జత విప్పినప్పుడల్లా గుప్పుమనే రబ్బరు వాసనకు రేపల్లెలోని మా ఆడపిల్లల బడి గుర్తొస్తుంది. స్టాఫ్ రూములో కిటికీ పక్కన కూర్చుని, వదులైన క్రేప్ బ్యాండేజిని పాదం నుంచి మోకాలి దాకా మళ్లీ చుట్టుకుంటున్న ఎస్తేరమ్మ టీచరు కనిపిస్తారు.

తొంభైల మొదట్లో నేను తెలుగు టీచరుగా ఆ బడిలో చేరాను. ఆవిడ సైన్సు చెప్పేవారు. పొడుగు మనిషి, గట్టి గొంతు. కూర్చుని పాఠం చెప్పడం బద్ధకమనుకునే రోజుల్లో ఉద్యోగమంతా నిలబడే చేసిన మనిషి. నేను చేరేనాటికే ఆవిడ ఎడమ పిక్క మీద నీలంగా మెలికలు తిరిగిన ఉబ్బులుండేవి, చీలమండ దగ్గర చర్మం నల్లబడి ఉండేది. విరామంలో ఎదుటి కుర్చీ మీదికి కాళ్లెత్తి పెట్టుకునేవారు. పెద్దవాళ్ల ముందు ఆ కాళ్లు చాపడమేంటని గొణిగేవాళ్లున్నా ఆవిడ లెక్కచేసేవారు కాదు.

"నరాల జబ్బాండీ?" అని ఒకరోజు అడిగాను.

"నరాలు కావమ్మాయ్, సిరలు. రక్తం పాదాల నుంచి గుండెకి ఎక్కాలి గదా. ఎక్కింది కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయి, కవాటాలంటాం. నావి పాడయ్యాయి. కాలవ లాకులు చెడితే నీళ్లెక్కడ నిలుస్తాయి? పల్లంలోనేగా!"

"మరి తగ్గదాండీ?"

"మూలన కూర్చుంటే తగ్గదు. నడవాలి, కూర్చున్నప్పుడు కాళ్లెత్తి పెట్టాలి, పొద్దున్నే కట్టు కట్టాలి. దాని పని అది చేస్తుంటే నా పని నేను చేస్తాను."

ఆ మాటలోని పట్టుదల ఎంతటిదో ఒక మధ్యాహ్నం చూశాను. బల్ల అంచు గీసుకుని చీలమండ దగ్గర సిర చిట్లింది. రక్తం చిమ్మి నేలంతా అయింది. నేను కంగారుగా తువ్వాలు తీసి ఆవిడ మోకాలి పైన బిగించబోయాను.

"పైన కట్టొద్దు, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది!" అంటూ ఆవిడ నేల మీద వెల్లకిలా పడుకుని మడమను కుర్చీ మీదికెత్తారు. "ఆ తువ్వాలే మడతపెట్టి చిట్లిన చోట నొక్కు. గట్టిగా. తీసి తీసి చూడకు."

నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "భయంగా ఉందాండీ?" అన్నాను.

"భయంగానే ఉంది. అయితే ఏంటి? నువ్వు నొక్కు."

కాసేపటికి రక్తం ఆగింది. ఆ వారమే ఇద్దరం తెనాలి వెళ్లాం. ఆపరేషన్ చేసి చెడిపోయిన సిరను తీసేయాలన్నారు సర్జన్ గారు. కాలు పడిపోతుందని, ఉద్యోగమూ పోతుందని చుట్టాలు హడలగొట్టారు. ఆవిడ సూటిగా సర్జన్‌నే అడిగారు. "మళ్లీ రాదాండీ?"

"తీసేసింది రాదమ్మా. కొన్నాళ్లకు వేరేది ఉబ్బొచ్చు. కట్టూ నడకా మానకూడదు."

"అబద్ధం చెప్పలేదు. చాలండి, కానివ్వండి."

కోలుకుని బడికొచ్చాక రక్తప్రసరణ పాఠానికి బొమ్మతో పాటు తన కాలు కూడా చూపించారు. గంట కొట్టాక పెనుమూడి నుంచి వచ్చే ఒక పిల్ల వెనకే ఆగిపోయింది. "మా అమ్మకీ ఇట్టాగే ఉందండి. పుండు పడింది. ఆకు పసరు పోస్తంది గానీ ఎవరికీ చూపించదండి."

ఆదివారం చర్చి కాగానే ఆవిడా నేనూ పెనుమూడి బస్సెక్కాం. ఆ పిల్ల తల్లి నాట్లకూ కోతలకూ వెళ్లే మనిషి. మమ్మల్ని చూడగానే చీర పాదాల దాకా లాక్కుంది. "ఏం లేదండి, దోమ కుడితే గోకానండి. ఆడదాన్ని, కాళ్లు చూపించడమేంటండి, సిగ్గు!"

ఎస్తేరమ్మ గారు వాదించలేదు. ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని, చీర మోకాలి దాకా జరిపి, కట్టంతా విప్పారు. కుట్ల మచ్చలు, నల్లని మరకలు. "నాదీ ఇంతేనమ్మా. చూడు."

ఆమె చాలాసేపు చూసింది. "టీచరమ్మగారికి కూడానా?" అంటూ మెల్లగా తన చీర అంచు ఎత్తింది. చీలమండ పైన రూపాయి బిళ్లంత పుండు.

"ఎప్పట్నించమ్మా?"

"కుప్ప నూర్పుళ్లప్పట్నించండి."

"పసరు మానెయ్యి. రేపు సెలవు పెడతాను. బాపట్లలో నాకు తెలిసిన డాక్టరున్నారు, వెళ్దాం."

మర్నాడు ఆ డాక్టరు గారు నాడి పట్టి, పాదానికి రక్తం బాగా అందుతోందని చూశాకే గట్టి కట్టు వేశారు. తర్వాత ఎస్తేరమ్మ గారు వీలైన ప్రతి ఆదివారం పెనుమూడి వెళ్లి, కట్టు ఎలా చుట్టాలో తల్లికీ కూతురికీ నేర్పారు. మధ్యలో ఒకసారి పుండు మళ్లీ రేగితే ఆమె విసిగిపోయి కట్టు తీసి పారేసింది. ఈవిడ దాన్ని ఉతికించి, ఆరబెట్టి, మళ్లీ చుట్టారు. ఆ ఏటి పంట చేతికొచ్చేనాటికి పుండు మూసుకుంది. వాపు పూర్తిగా పోలేదు గానీ ఆమె కుంటకుండా నడిచింది.

ఎస్తేరమ్మ గారు పోయి చాలా ఏళ్లయింది. రెండో కాన్పయ్యాక నా పిక్కల మీద నీలపు ఉబ్బులు లేచినప్పుడు నేను వాటిని దాచుకోలేదు. ఆ సాయంత్రమే మా ఆయనకు చూపించాను, మర్నాడు డాక్టరుకు చూపించాను. ఇప్పటికీ బస్సులోనో పెళ్లిలోనో ఎవరైనా వాచిన కాళ్ల మీదికి చీర లాక్కుంటూ "ఏం లేదండి" అంటే, నేను సలహాలు చెప్పను. పక్కన కూర్చుని ముందు నా కాలు చూపిస్తాను.