వడ్ల గింజలు, రెండు గ్లాసులు

ఈ ఉదయం మా గడప దగ్గర వడ్ల గింజలు చెదిరి ఉన్నాయి. చీపురు కోసం లేచేసరికి ఫోను మోగింది. అమ్మ.

"టీచరమ్మ పోయింది బిడ్డా. తెల్లారంగ, దవాఖానల."

గింజలను ఊడ్వకుండా వదిలేసి, బిచ్కుందలో మొదటి బస్సెక్కాను.

ఆమె బాన్సువాడలో మా కాన్వెంటు నర్సరీ టీచరు. తొంభైల మొదట్లో నన్ను అక్కడ చేర్పించేనాటికి నాకు నాలుగేళ్లు. ఒక్క మాట రాలేదు. నానమ్మ రోజూ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. చుట్టాలొస్తే అమ్మ నన్ను లోపలి అర్రలోకి పంపేది. ఎవరైనా పలకరిస్తే, "గొంతు నొస్తుంది పిల్లకు" అనేది. చేర్పించిన రోజు టీచరమ్మతోనూ అదే అంది.

"ఎప్పటి సంది నొస్తుందమ్మా? పుట్టిన కాడికెల్లా?"

అమ్మ తలదించుకుంది. టీచరమ్మ నా వెనక్కి వెళ్లి కంచం మీద చెంచాతో కొట్టింది. నేను గిరుక్కున తిరిగాను.

"చెవులు మంచిగనే ఉన్నట్టున్నయ్. అయినా ఒకసారి డాక్టరుకు చూపియ్యి. ఇగ దీని బదులు నువ్వు జవాబు చెప్పకు. జర ఆగు."

నన్ను మాట్లాడమని ఆమె ఎన్నడూ అడగలేదు. నా చేతికి రెండు గ్లాసులిచ్చి వడ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయమంది. ఇంట్లో అమ్మ కలిపి తినిపించే అన్నాన్ని అక్కడ నా చేత్తోనే కలుపుకోమంది. మెట్ల మీంచి దూకమంది. నానమ్మ బడికొచ్చి, "మాటలు నేర్పుమంటే గింజలతోని ఆడిపిస్తున్నవేంది?" అని గదమాయిస్తే, ఆమె నవ్వింది.

"నోరొక్కటే పిల్లనా అవ్వా? చేతులు లేవా, కాళ్లు లేవా, సోపతి వద్దా? అన్ని కల్సి పెరుగుతయ్. మాట గూడ అండ్లకెల్లే వస్తది."

కొన్నాళ్లకు నా గ్లాసుల్లో ఒకటి తీసి పక్కనున్న పిల్లకిచ్చింది. వడ్లన్నీ ఆ పిల్ల దగ్గరే. నేను చేయి చాపాను. అది గ్లాసును వీపు వెనక దాచుకుని, "ఇయ్య! నాయి!" అని నాలుక బయటపెట్టింది. టీచరమ్మ మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. కదల్లేదు.

"పొయ్యి," అన్నాను.

అదే నా మొదటి మాట. ఆమె చప్పట్లు కొట్టలేదు, ఎవరినీ పిలవలేదు. "అడుగుతుంది గదా, పొయ్యరాదే," అంది ఆ పిల్లతో. సాయంత్రం సంగతి విని అమ్మ గేటు పట్టుకుని ఏడ్చింది.

ప్రశ్న అడిగాక కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం ఆమెకు అలవాటు. మరక లేకపోయినా తుడిచేది. ఆ సమయం మాకోసమని పెద్దయ్యాక తెలిసింది.

పోయిన వానాకాలం బస్టాండులో కనిపించింది. "ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగి, కళ్లజోడు తీసింది. చెప్పాల్సిన మాట నా నోటిదాకా వచ్చింది.

"అందరు మంచిగున్నరు టీచర్. బస్సొచ్చింది, సీటు దొరకదు," అన్నాను.

బస్సు సగం ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆమె ఇంకా కళ్లజోడు చేతిలోనే పట్టుకుని నిలబడి ఉంది.

ఇవాళ వాళ్ల వాకిట్లో పాత పిల్లలు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. "నువ్వు గూడ రెండు ముక్కలు చెప్పు, నీకు మాటలొచ్చిందే ఆమెతోని," అన్నారు. లేచి నిలబడ్డాను. మాట రాలేదు. సిగ్గుతో కూర్చుండిపోయాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. గడప దగ్గర నా కూతురు గింజలను ఏరి గ్లాసులో వేస్తోంది. దానికి మూడేళ్లు దాటాయి. ఇంకా ఒక్క మాట రాలేదు. మొన్న పక్కింటావిడ పలకరిస్తే, గొంతు నొప్పి అని చెప్పాను.