ఒకటో నంబరు దొరకలేదు

నరసరావుపేటలో ఇంట్లో కూర్చుని సర్వర్ పెట్టిన మొట్టమొదటి ముసలాణ్ణి నేనే. డెబ్బై రెండేళ్ల వయసులో, ఒంటిచేత్తో, మధ్యాహ్నం భోజనం వేళకల్లా దాన్ని నిలబెట్టాను. టీ కొట్టు దగ్గర ఈ సంగతి ఇలాగే చెప్పాను. ఎవరూ కాదనలేదు. సర్వర్ అంటే ఏమిటో వాళ్లకీ తెలియదు మరి.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త తగ్గించాలి. పెట్టింది మా కోడలు. నేను పక్కన కుర్చీలో ఉన్నాను.

పాప పుట్టాక ఆమె ఉద్యోగం మానేసి ఐదేళ్లయింది. మళ్లీ చేరదామని ఎన్ని చోట్ల అడిగినా ఈ ఐదేళ్లు ఏం చేశారని అడిగి ఫోన్ పెట్టేసేవారు. చివరికి ఒక కంపెనీ వాళ్లు పరీక్ష పెడతామన్నారు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు దాచుకున్న రైతు తన సరుకు వివరాలు ఫోన్లో చూసుకునే పేజీ ఒకటి చెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి వీడియోలో చూపించాలి. ఇది కూడా పోతే ఇక అడగనని మా ఆవిడతో అందట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. గదిలోకి, వరండాలోకి, మళ్లీ గదిలోకి.

“ఏందయ్యా ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగా?” అని వంటింట్లోంచి మా ఆవిడ.

కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చున్నాను. “సర్వర్ అంటే ఏందమ్మా?”

“అడిగితే జవాబు చెప్పే మిషను అనుకోండి మామయ్యా. అసలుది కంపెనీవాళ్లియ్యరు. అందుకని నా లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తిది పెడుతున్నా. ఏమడిగితే ఏం చెప్పాలో ముందే ఒక ఫైల్లో రాసిపెడతా. పేజీ అడుగుద్ది, ఇది ఫైలు చూసి చెబుద్ది.”

“కొత్త గుమాస్తాకి చీటీ రాసిచ్చి కౌంటర్లో కూర్చోబెట్టినట్టు.”

“అంతే. చీటీలో లేంది అడిగితే దొరకలేదంటాడు.”

నల్ల తెర మీద ఏదో కొట్టింది. దానికి కావలసినవి దిగడానికి నెట్టు సతాయించింది. నెట్టిచ్చే ఫోన్ తీసుకెళ్లి కిటికీలో పెట్టాం. అవి దిగాక, ఆమె ఇచ్చిన పోర్టు నంబరులో, అంటే గుమాస్తా కూర్చోవాల్సిన కౌంటర్లో, ముందే ఇంకేదో నడుస్తోందని తెర మీద పడింది. వేరే నంబరు ఇచ్చింది. ఈసారి సర్వర్ లేచింది. నేను చప్పట్లు కొట్టాను.

“మామయ్యా, మీరు ఊరికే లేచి కూర్చోకుండా ఈ ఫైలు నింపండి” అంది. లాటు నంబరు, ఊరు, టిక్కీలెన్ని, ఏ చాంబరు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల గోతం. ఒక రైతు ఒకసారి దింపిన గోతాలన్నీ కలిపి ఒక లాటు. కొటేషన్ గుర్తులు మాత్రం చెరపొద్దంది.

“ముప్పై ఏళ్లు కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తాగా చేసినోణ్ణి. నా చేతిలో తప్పు దొర్లదు” అన్నాను. చేసింది ఇరవై రెండేళ్లు.

ఒక్కో వేలితో కొట్టుకుంటూ పన్నెండు లాట్లు నింపాను. పేజీ తెరిచేసరికి ఊళ్లూ టిక్కీలూ వరసగా వచ్చాయి.

“బెల్లంకొండ రైతుకి ఐదు వేల టిక్కీలేంది మామయ్యా? స్టోరేజీ మొత్తం ఈయనొక్కడిదేనా?”

“ఉత్తుత్తిదేగా అమ్మాయ్! చిన్నగా ఎందుకూ?”

ఆమె నా వైపు చూసిన చూపుకి వరసకి రెండేసి సున్నాలు తీసేశాను.

తర్వాత పైనున్న గడిలో లాటు నంబరు కొట్టి చూసింది. రెండు కొడితే నాదెండ్ల వచ్చింది. మూడు కొడితే సత్తెనపల్లి. ఒకటి కొడితే, దొరకలేదు. మళ్లీ కొట్టింది. దొరకలేదు.

ఆమెకి అర్థం కాలేదు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

కాటా దగ్గర మొదటి గోతాన్ని ఒకటి అనకూడదు. లాభం అనాలి. లాభం, రెండు, మూడు. ఉద్యోగం మానేసినా నాకా అలవాటు పోలేదు, ఇంట్లో దోసెలు లెక్కపెట్టినా లాభం, రెండు అనే అంటాను. ఫైల్లో మొదటి లాటు నంబరు దగ్గర, కొటేషన్ గుర్తుల మధ్య, శుభమా అని లాభం అని కొట్టాను.

చెప్పెయ్యాలి. కానీ ఇందాకే సున్నాల దగ్గర పరువు పోయింది. ఆమెకి నా చేతి మీద నమ్మకం కాబోలు, ఫైలు వైపు చూడకుండా తను రాసినదే వరసలవారీగా వెతుకుతోంది. బాగున్నదాన్ని మారుస్తోంది, మళ్లీ వెనక్కి పెడుతోంది. గోళ్లు కొరుకుతోంది. నేను లేచి మంచినీళ్లు తాగాను. గడియారం చూశాను. వరండాలోకి వెళ్లి చెప్పులు సర్దాను. వచ్చి, “టీ తాగుతావా అమ్మా?” అన్నాను. మళ్లీ మంచినీళ్లు తాగాను.

ఒక పావుగంట అలా గడిచాక ధైర్యం చేసి చెప్పాను. ఆమె పకపకా నవ్వి క్షణంలో సరిచేసింది.

నాలుగింటికి తలుపేసుకుంది. ఐదు దాటాక బయటికొచ్చి చాపమీద పడుకుంది. ఎలా జరిగిందని అడగకుండా మా ఆవిడ దిండు తెచ్చిచ్చింది, నేను ఫ్యాను వేశాను. తొమ్మిది రోజులు ఫోన్ మోగినప్పుడల్లా నేనే ముందు లేచాను. పదో రోజు ఉద్యోగం ఖాయమైంది. నా లాభం పెట్టిన వేళావిశేషం అనుకున్నాను.

ఇంతవరకూ రాసి ఇంట్లో చదివి వినిపించాను. కోడలు ఆఫీసు పని ఆపి తలెత్తింది.

“పావుగంట కాదు మామయ్యా, గంటంపావు. చెప్పింది మీరు కాదు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, ‘ఈయన మొదటిదానికి ఒకటని రాసుండడు, చూసుకోవే’ అంది. నేను నవ్వలా, ఏడ్చా. ఉద్యోగం మీ వల్ల రాలేదు, మీరున్నా వచ్చింది. రాస్తే అది రాయండి.”