ప్రార్థనలో పెట్టండమ్మా

వీధి మొత్తానికీ ఆవిడ బేకరీ అక్క. లోపల పొయ్యి దగ్గర భర్త, బయట గల్లా దగ్గర ఆవిడ. ఎవరింట్లో జ్వరమన్నా చెప్పులు కూడా మరిచిపోయి పరిగెత్తే మనిషి. మనసు వెన్న. ఒక్కటే చిక్కు, విన్న మాట కడుపులో ఉంచుకోలేదు.

"మన కొట్లో రొట్టైనా రెండ్రోజులు నిలవుంటుంది గానీ, మాట పూట కూడా ఉండదు" అని భర్త ఏడిపించేవాడు. ఆవిడా నవ్వేసేది.

చర్చికి జనం పెరిగారు. వెనక బెంచీలో కూర్చునే మనిషి నెల్లాళ్లు రాకపోయినా అడిగే దిక్కు లేకుండా పోయింది. అది చూసి పాస్టరుగారు ఇళ్లల్లో చిన్న చిన్న కూడికలు పెట్టుకోమన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది అక్కే. కొట్టు మీద గది ఉంది. పిండి బస్తాలు గోడవారకి జరిపి చాపలు వేస్తే ఏడెనిమిది మంది పడతారు. కింద పొయ్యి వేడికి గచ్చు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది.

గురువారం సాయంత్రాలు కూడేవాళ్లలో పెద్దవాడు, టైపు నేర్పి రిటైరైన మేష్టారు. ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సమ్మ ఒకరు, ఇరుగుపొరుగు నలుగురు. తలుపు పక్కన, పనిసంచీ ఒళ్లో పెట్టుకుని, గ్యాస్ స్టవ్వులు బాగుచేసే అతను. అందరికీ అతను స్టవ్వుల తమ్ముడు. భార్య బట్టల కొట్లో పనిచేసేది, ఆ వేళకి ఆమెకి తీరిక దొరికేది కాదు. ఏడాదిపాటు అతని నోట 'ఆమెన్' తప్ప మరో మాట రాలేదు.

మొదట్లో అందరూ బిగుసుకునే కూర్చునేవారు. ఒకరోజు మేష్టారు, పంతం కొద్దీ తన అన్న చావుకి కూడా వెళ్లలేదని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. "ఆదివారం మూడొందల మందిలో పాట పాడొచ్చు. నా వల్ల కావట్లేదని అక్కడెలా చెప్తాం? ఈ గది అందుకే" అన్నాడు. అప్పట్నుంచి ఒక్కొక్కరికీ నోరు పెగిలింది.

చివరికి స్టవ్వుల తమ్ముడికీ పెగిలింది.

"మందు మానేసి మూడేళ్లయింది. పోయిన వారం మళ్లీ తాగాను, రెండుసార్లు. ఇంట్లో చెప్పలేదు. ముందు మీకు చెప్తేనైనా ఆగుతానేమోనని..."

ఎవరూ నీతులు చెప్పలేదు. మేష్టారు జరిగి అతని పక్కన కూర్చున్నాడు. "రేపట్నుంచి పనయ్యాక మా ఇంటికి రా. ఇద్దరం కలిసి నడుద్దాం. ఆ మందు కొట్టు ముందునుంచే పోదాం, ఏం చేస్తుందో చూద్దాం."

అతను నవ్వాడు. "ఇంట్లో నేనే చెప్పుకుంటాను. కాస్త టైమివ్వండి" అన్నాడు.

ఇద్దరూ రోజూ నడిచారు. అతని ముఖంలో కళ వచ్చింది. ఆ తర్వాత కూడికలో ఒక జోకు కూడా వేశాడు.

అప్పుడే ఒక శనివారం, చర్చిలో పాటలు పాడే ఆవిడ రొట్టె కొనడానికి వచ్చింది. "మా స్టవ్వు మంట సరిగ్గా రావట్లేదక్కా. మీ కూడికకి వచ్చే అతన్ని పిలవనా?"

"నిశ్చింతగా పిలవండి, బంగారంలాంటి పనివాడు" అంది అక్క. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! గొంతు తగ్గించి, కళ్లనిండా నీళ్లతో అంది: "పాత అలవాటు మళ్లీ తగులుకుంది పాపం. ఎంత పెనుగులాడుతున్నాడో! ప్రార్థనలో పెట్టండమ్మా."

ఆ పూటంతా ఏదో మేలు చేశానన్న తృప్తితోనే గడిపింది.

పాటల ఆవిడ ప్రార్థనలో పెట్టింది, పక్కావిడతో చెప్పింది. ఆవిడా పెట్టింది, ఆవిడా చెప్పింది. చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ తల వంచి కళ్లు మూసుకున్నవాళ్లే. అలా పోగా పోగా 'రెండుసార్లు' కాస్తా 'రోజూ' అయింది. గ్యాసు వ్యవహారం, తాగే చేతికి ఎవరప్పగిస్తారు? పనికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. బట్టల కొట్లో ఎవరో అతని భార్య చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా, మీ ఆయన కోసం అందరం ప్రార్థిస్తున్నాం" అన్నారు.

మర్నాడు స్టవ్వుల తమ్ముడు బేకరీకి వచ్చాడు. కొట్లో జనం తగ్గేదాకా ఒక పక్కగా నిలబడ్డాడు.

"నా గురించి ప్రార్థన చెయ్యమన్నావంట కదక్కా."

అక్క గల్లా వదిలి ఇవతలికి వచ్చింది. "నీ మంచికే కదా తమ్ముడూ..."

"మంచికే. అందుకే నీ మీద కోపం కూడా తెచ్చుకోలేకపోతున్నా."

అంతే. వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అక్క వాళ్లింటికి వెళ్లింది. భార్య తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. "తప్పయిపోయింది, క్షమించమ్మా" అంది అక్క.

"తాగాడని కాదక్కా నా బాధ. నాతో చెప్పడానికి మాటలు కూడబెట్టుకుంటున్నాడంట. అవి నేను అతని నోట వినాల్సింది. ఇప్పుడు అతను చెప్పడానికేం మిగిలింది?"

నెల తిరక్కుండానే వాళ్లు నగరం అవతలి కొసకి మారిపోయారు. తర్వాతెప్పుడో నర్సమ్మకి ఆసుపత్రిలో కనిపించాడట. మందు ముట్టడంలేదట. ఆదివారం ఏదో చర్చికి వెళ్తాడట గానీ, ఎవరింటికి పిలిచినా "పనుంది" అంటాడట. తాగడంలేదన్నందుకు అక్క దేవుడికి దణ్ణం పెట్టుకుంది. రెండో మాటకి లోపలికి పోయి ఏడ్చింది.

గురువారం కూడిక ఆగలేదు. ఎవరూ అక్కని ఒక్క మాటైనా అనలేదు. కానీ ప్రార్థన అంశాలు మారిపోయాయి. మోకాళ్ల నొప్పులు, పిల్లల పరీక్షలు, ఊరి ప్రయాణాలు. వీధిలో చాటింపు వేసినా ఫరవాలేని సంగతులు. మేష్టారు వాక్యం చదివేవాడు, అందరూ ఆమెన్ అనేవారు, వేళకి లేచి వెళ్లిపోయేవారు.

కొన్నాళ్లకి అక్క భర్త ఒక ఉదయం పొయ్యి ముందు నిలబడి, రొట్టె ఎంతసేపు ఉంచాలని ఆవిడని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేసింది ఆ పనొక్కటే. ఆ వారమే సందు చివరిదాకా వెళ్లి ఇల్లు ఎటో తెలియక నిలబడిపోయాడు. అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పిల్లలకి చెప్పలేదు.

గురువారం అందరూ చాపల మీద కూర్చున్నారు. మేష్టారు మామూలుగా అడిగాడు: "ఎవరికైనా ప్రార్థన అంశాలున్నాయా?"

అక్క నోరు తెరిచింది. ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. అందరూ మంచివాళ్లే, తనలాగే.

"మా ఆయనకి ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది" అంది.

మేష్టారు ఒక్క క్షణం ఆవిడ వంక చూశాడు. ఏదో అడగబోయి ఊరుకుని, తల వంచాడు. అందరూ కళ్లు మూసుకుని, నీరసం తగ్గాలని ప్రార్థించారు.