కాడలకెల్లి తెంపిన కారు

నా చిన్నప్పుడు మా ఇంటి గోడకు ఆనుకొనే గడియారాల చాచా దుకాణం ఉండేది. సిద్దిపేట బజార్ల ఎవలి చేతి గడియారం ఆగినా ఆయన దగ్గరికే తెచ్చేటోళ్లు. ఒక్క అర్రంత చిన్న ముల్గి, ముంగట అద్దాల పెట్టె, దాని ఎనుక ఆయన, కంటికి నల్లటి గొట్టమసొంటి భూతద్దం. మా అమ్మ పొద్దుగాల కూలికి పోతే పొద్దుగూకే యాళ్లకు వచ్చేది. నాకు బడి లేకుండె. దినమంత ఆయన దుకాణంల మూలకు కూసుండి కింద పడ్డ స్క్రూలు ఏరిచ్చేదాన్ని. ఆయన ఒక్కనాడు పొమ్మనలే.

ఒక ఏడు కొమురవెల్లి జాతర దినాలల్ల టాకీసు సేటు ఒక డబ్బ పట్టుకొని వచ్చిండు. వాళ్ల అల్లుడు దుబాయిల ఉంటడు, ఆడికెల్లి పంపిండట. డబ్బ మీద కారు బొమ్మ. ఒట్టి కారు కాదు, ఒక ఇంగ్లీషు సినిమల హీరో నడిపిన కారు. ఆ సినిమ సేటు టాకీసుల ఆడినప్పుడు మాట ఒక్కటి సమజ్ కాకున్నా, ఆ కారు కోసమే జనం రెండుసార్లు మూడుసార్లు పోయిన్రు. డబ్బల మాత్రం కారు లేదు, కారు ముక్కలున్నయి. వెండి రంగు ప్లాస్టిక్ ముక్కలు, గోరంతయి కొన్ని, వేలంతయి కొన్ని, చెట్టుకు కాయలు పట్టినట్టు ప్లాస్టిక్ కాడలకు పట్టుకొని ఉన్నయి. కాయితం మీది బొమ్మ చూసుకుంట ఒక్కొక్కటి అతికిస్తే కారైతదట.

జాతరకు పోయేటోళ్లు, వచ్చేటోళ్లు సిద్దిపేటల ఆగి ఒక ఆట చూసి పోతరు గద. వాళ్లకు కనవడేటట్టు టాకీసు గుమ్మం కాడ అద్దాల పెట్టెల ఈ కారు పెట్టాలని సేటు ఆశ. వచ్చే శుక్రారం కొత్త సినిమ పడ్తది, గప్పటికి కావాలె అన్నడు. ఇసొంటి సన్నపని ఈ ఊర్ల నీ చేతులకే అయితదని చాచాకు అప్పజెప్పి పోయిండు. ఆ మాటకు చాచా ఎంత మురిసిండో నాకు ఇంక యాదికుంది.

ఆ దినం కూడ శుక్రారమే. చాచా డబ్బ ఇప్పి అంత బల్ల మీద పరిచి, నమాజుకు పోయొస్త, జర చూస్తుండు బేటీ అని పోయిండు.

ఊకె చూస్తుంటే అయిపోయేది. కని మా ఇంట్ల నేను చేసే పనే కందికాయ ఒలుచుడు, చిక్కుడుకాయ ఈనె తీసుడు. కాడకున్నది కనవడితే నా చేతులు ఊకుండవు. ఆయన వచ్చేవరకు పని తయారు చేసి పెడితే మెచ్చుకుంటడనుకున్న. ఒక్కో కాడ పట్టుకొని టకటక తెంపిన. ముక్కలన్ని ఆయన చాయ్ సాసరుల కుప్పవోసిన. ఉత్త కాడలు ఊడ్చి బయట పారేద్దామని చీపురు కూడ చేతిల పట్టిన.

చాచా వచ్చి సాసరు చూసిండు, కాడలు చూసిండు. టోపీ తీయకుంటనే స్టూలు మీద కూలవడ్డడు. ఏ ముక్క ఏడిదో చెప్పే నంబరు ముక్క మీద ఉండదు, కాడ మీద ఉంటది. మొన్న మా మనవరాలు గసొంటి డబ్బనే ఫోన్ల తెప్పించుకుంటే చూసిన, ఇప్పటికి అట్లనే ఉంది. తెంపినంక ఏది ఏడ అతకాల్నో దేవునికే ఎరుక. నాకప్పుడు నంబరంటే ఏందో తెలవది. కాడ అంటే పారేసేదే.

ఆయన తిట్టలే. తిడితే ఏడ్చుకుంట ఇంటికన్న పోయేదాన్ని. నా చేతిలకెల్లి చీపురు తీసుకొని గోడకు ఆనిచ్చిండు, గంతే.

మూడోనాడు పని ఎంతదాంక వచ్చిందో చూద్దామని సేటు వచ్చిండు. సాసరుల కుప్ప చూసేవరకు మొఖం మాడిపోయింది.

"ఎవలు తెంపిన్రు ఇట్ల?"

నేను మూలకే ఉన్న. చాచా నా దిక్కు చూడను కూడ చూడలే.

"నా చేతుల మీదనే అయింది, సేట్‌సాబ్" అన్నడు.

సేటు ఆయన చేతుల దిక్కు చూసిండు. ముసలోనివైనవ్ మియా, చేతులు ఇగ నీ మాట ఇంటలేవు అని నవ్వుకుంట బజార్లకు పోయిండు. గడియారాల చాచాకు చేతులు వణుకుతున్నయట అనే మాట పొద్దుగూకకముందే చాయ్ హోటలు దాంక పోయింది. గడియారాలు బాగుచేసేటోనికి చేతులే పేరు. అవి పోయినయంటే ఇగ ఏం మిగిలింది? తెల్లారి ఒకాయన వచ్చి, బాగుకిచ్చిన గడియారం అట్లనే వాపసు తీసుకపోయిండు. ఇంకొకాయన ముంగట నిలవడి, చాచా చేతులు చూసి, మళ్లొస్త అని మల్లిండు. నేను అన్ని చూస్తనే ఉన్న. చెప్పాల్నని లేస్త, మళ్ల కూసుంట. అమ్మకు తెలిస్తే తోలు తీస్తది. సేటుకు తెలిస్తే ఏం చేస్తడో తెలవది. తలకాయ వంచి స్క్రూలు ఏరుకుంట కూసున్న.

అప్పుడు చాచా నన్ను దగ్గరికి పిలిచి, తన భూతద్దం నా కంటికి పెట్టిండు. చిమ్టతోని ఒక ముక్క పట్టి చూపిచ్చిండు. తెంపిన జాగల చిన్న మచ్చ, ఇరిగిన గోరు లెక్క. ఒకటి ఏటవాలుగ, ఒకదానికి సన్న తోక, ఏ రెండు ఒక్క తీరు లేవు. దానికి సరిపోయే మచ్చ కాడకు కూడ ఉంటది. "తెంపిన తీరు నీ చేతులకే ఎరుక. నువ్వే ఎతుకు" అన్నడు.

ఎతికిన. తిండి యాది లేదు, ఆట యాది లేదు. ఒక ముక్క పట్టుకొని అన్ని కాడలకు ఆనిచ్చి చూసుడు, కలవకుంటే ఇంకో కాడ. కలిస్తే ఆయన ఆ నంబరు చదివి, సన్న కాయితం మీద రాసి ముక్కకు చుట్టేటోడు. కండ్లు మంటలు పుట్టినయి. బుధారం సాయంత్రానికి సాసరు ఖాళీ అయింది. బేస్తారం పొద్దుగాలకెల్లి ఆయన అతికిచ్చుడు మొదలు పెట్టిండు.

దుకాణం ముంగట మంది జమైన్రు. కారు కోసం కాదు, ఆయన చేతుల కోసం. ఒకడు వణుకుతున్నయిరా అంటడు, ఇంకొకడు లేదంటడు. అంతమంది చూడంగ చూడంగ, ఆఖరుకు స్టీరింగు పెట్టేటప్పుడు ఆ చేతులు నిజంగనే వణికినయి. చిమ్ట కొనకు మెంతి గింజంత స్టీరింగు ఊగుతుంది. గమ్ము ట్యూబుల ఒక్క చుక్కనే మిగిలుండె, తప్పితే మళ్ల లేదు. నేను లేచి రెండు చేతులతోని కారును కిందికెల్లి గట్టిగ పట్టుకున్న. ఆయన మణికట్టు నా వేళ్ల మీద ఆనిచ్చి ఊపిరి బిగవట్టిండు. స్టీరింగు కూసుంది.

శుక్రారం సేటు కారును చేతులకు తీసుకొని అటిటు తిప్పిండు. తన చేతి గడియారం ఇప్పి, ఇది రోజు ఎనుకవడ్తుంది జర చూడు మియా అని బల్ల మీద పెట్టిండు. బయట నిలవడ్డోళ్లందరు అది చూసిన్రు. ఇగ చేతుల ముచ్చట ఎవలు తియ్యలే.

అందరు పోయినంక, నేను చేసింది నీ మీద ఎందుకేసుకున్నవని అడిగిన. "దుకాణం నాది బేటీ. నిన్ను ఈడ కూసోబెట్టింది కూడ నేనే" అని మళ్ల భూతద్దం కంటికి పెట్టుకున్నడు.

మా ఆయన పోయినంక నేను బడిల పిల్లలకు అన్నం వండే పనిల చేరిన. ఒకనాడు కొత్తగ వచ్చిన పిల్ల పప్పు మాడవెట్టింది. పెద్దసారు వచ్చి ఎవలు మాడవెట్టిన్రని అడిగిండు. ఆ పిల్ల ముడుచుకొని గోడకానుకుంది. నేనే సార్ అన్న. ఇప్పటికి అంతే, ఎవలు చేసిన్రిది అనే మాట ఏడ ఇనవడ్డా, నాకు సంబంధం లేకున్నా నా చెయ్యి ముందుగల లేస్తది. తోటి ఆడోళ్లు దీనికి పిచ్చి అని నవ్వుతరు. నవ్వనియ్. సేటు అడిగిననాడు లేవని చెయ్యి అది.