పాత ట్యాంకు సిగ్నల్ ఎందుకు పోయిందంటే

ఈ రోజు సంతబొమ్మాళి దగ్గర ఒక ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు నా పరువు తీసింది. ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో దూరంగా ఉన్న పంపుహౌస్‌కి రేడియోలో చెప్పే పాత పెట్టె ఒకటుంది. నెల రోజులుగా అది పలకడం మానేసింది. పాపం ఆపరేటర్ అప్పన్న మావ పూటపూటా ట్యాంకెక్కి నీళ్లు చూసి, సైకిల్ మీద వెళ్లి మోటారు వేస్తున్నాడు.

బాగుచెయ్యడానికి వెళ్లిన నేను బ్యాటరీ మార్చాను, ఫ్యూజులు చూశాను, చివరికి కొత్త బోర్డు కూడా పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. చిరాకొచ్చి అడిగాను.

"దీన్నెవరైనా కదిపీసారేటి మావా?"

"ఎవులు కదుపుతారు బావూ! తుఫానెల్లిన యేడు పెట్టారు. అప్పుడు పంపుహౌస్ దాకా సెట్టూ సేమా నేదు. ఇప్పుడోపాలి పైకెక్కి సూడు."

మెట్ల మధ్యలో బిగించిన యాంటెన్నా దాకా ఎక్కి చూశాను. ఎదురుగా పంపుహౌస్ కనబడలేదు. తుఫాను తర్వాత మావ మళ్లీ వేసుకున్న కొబ్బరితోట సిగ్నల్‌కి అడ్డంగా, నిండుగా ఊగుతూ కనబడింది. రెండు చెట్లు కొట్టేస్తే సరిపోతుందన్న మాట నోటిదాకా వచ్చింది గానీ, కింద నిలబడి తోటకేసి మురిపెంగా చూస్తున్న మావని చూసి మింగేశాను.

యాంటెన్నాని ట్యాంకు నెత్తిమీదికి మార్చాను. సిగ్నల్ వచ్చింది, మోటారు దానంతటదే తిరిగింది.

సాయంత్రం రిపోర్టులో 'లోపానికి కారణం' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాను. రేపు మా సారు ఫోన్ చేసి తిడతారు, తెలుసు. మీరైతే ఏం రాసేవారో చెప్పండి. నేను మాత్రం "తోట కోలుకుంది" అని రాశాను.